గుట్ట కింది చల్క నేలను చదవడం ఎలా: గుంత తవ్వడం మొదలు పంట ఎంపిక దాకా

గ్రానైట్ గుట్టల చుట్టూ పరుచుకున్న ఎర్ర నేలలను తెలంగాణలో చల్కలంటారు. ఇసుక పాలు మరీ ఎక్కువైతే దుబ్బ నేలలంటారు, ఆంధ్ర వైపు గరప నేలలన్న మాట వాడుకలో ఉంది. వీటి గురించి ఎవరిని అడిగినా వచ్చే జవాబు ఒకటే: నీళ్ళు నిలవవు. ఆ మాట సగమే నిజం. నీరు నిలవకపోవడానికి రెండు దారులున్నాయి. నేలలోకి ఇంకి కిందికి దిగిపోవడం ఒకటి, అసలు లోపలికి దిగకుండానే పైపైన పారిపోవడం ఇంకొకటి. మొదటిది ఈ నేలకున్న బలం, రెండోది దీనికున్న జబ్బు. రెండింటికీ మందు వేరు. మీ చేనులో ఏది ఎంత జరుగుతోందో తేల్చుకోకుండా కట్టలు వేయడం, మొక్కలు నాటడం, చెరువు మట్టి తోలడం మొదలుపెడితే డబ్బు పోతుంది, వాన నీరూ పోతుంది.

రాయి మన్నుగా మారే తీరు

హైదరాబాద్ చుట్టుపక్కల కనిపించే గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. అందులో ప్రధానంగా ఉండే ఖనిజాలు మూడు: పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, నల్ల అభ్రకం. పగుళ్ళలోకి నీరు చేరాక ముందుగా లొంగేది నల్ల అభ్రకం. అది ఉబ్బి పక్కనున్న గింజల మధ్య పట్టు సడలగొడుతుంది. ఫెల్డ్‌స్పార్ నిదానంగా కయొలినైట్ అనే తెల్లటి బంకమన్ను అవుతుంది. పలుగురాయి మాత్రం మారదు, గరుకు ఇసుకగా మిగిలిపోతుంది. అభ్రకంలో ఉన్న ఇనుము గాలి తగిలి తుప్పు పట్టినట్టై నేలకు ఎరుపు ఇస్తుంది.

ఈ నేల గుణాలన్నీ ఇక్కడి నుంచే వస్తాయి. పలుగు ఇసుక ఎక్కువ కాబట్టి నీరు తొందరగా దిగుతుంది. కయొలినైట్ రేగడిలోని బంకలాగా ఉబ్బదు, ఎండితే నెర్రెలు విచ్చదు, ఎరువును కూడా ఎక్కువ పట్టి ఉంచలేదు. ఫెల్డ్‌స్పార్, అభ్రకం ఇంకా కరుగుతూనే ఉంటాయి కాబట్టి పొటాష్ మరీ కరువుగా ఉండదు. సేంద్రియ కర్బనం మాత్రం చాలా చేలలో 0.5 శాతం కంటే తక్కువ. పీహెచ్ సాధారణంగా 6 నుంచి 7 మధ్య, అంటే కొద్దిగా ఆమ్లం నుంచి తటస్థం దాకా ఉంటుంది.

గుట్ట పైనుంచి కిందికి వచ్చేకొద్దీ ఒకే రాయి నుంచి నాలుగు రకాల నేల పుడుతుందన్నది చాలామంది మరిచిపోయే సంగతి. కాబట్టి పని నడకతో మొదలుపెట్టాలి.

మొదటి పని: వాలు వెంట నడవండి

మంచి వాన పడిన మరునాడు గుట్ట మొదట్లో బయలుదేరి కింది చెరువు లేదా వాగు దాకా తిన్నగా నడవండి. చేతిలో గడ్డపార ఉంటే చాలు. ప్రతి 30, 40 అడుగులకు ఒకసారి దాన్ని నిలువుగా వదిలి, ఎంత లోతు దిగిందో రాసుకోండి.

గుట్ట మొదట్లో రాళ్ళు, గులక, మధ్యలో జానెడు ఎర్రమట్టి. తంగేడు, సీతాఫలం, రేగు కంప ఉన్నాయంటే నేల లోతు తక్కువ, నీరు జారే చోటు. నడిమి వాలుకు వచ్చేసరికి ఎరుపు చిక్కబడుతుంది, గడ్డపార మోచెయ్యి లోతు దిగుతుంది. ఇంకా కిందికి వస్తే రంగు పాలిపోయి గోధుమ వన్నెకు తిరుగుతుంది. అట్టడుగున బూడిద రంగు, తుంగ, ఈత చెట్లు. అక్కడక్కడ తెల్లగా పొంగిన చౌడు కనిపిస్తే, పైవాలు నుంచి లోలోపల జారి వచ్చిన నీరు అక్కడ పైకి లేచి, ఆవిరై, ఉప్పును వదిలి వెళ్ళిందన్నమాట. మన పాత చెరువులు సరిగ్గా ఈ పల్లంలోనే ఉండటం కాకతాళీయం కాదు.

రంగు అబద్ధమాడదు. అడుగు దాకా ఒకే ఎరుపు ఉంటే నీరు తేలిగ్గా దిగుతోంది, గాలి ఆడుతోంది. ఎరుపు మధ్య బూడిద, పసుపు మచ్చలుంటే ఏడాదిలో కొన్నాళ్ళు అక్కడ నీరు నిలుస్తోంది. ఆ మచ్చలు ఎంత లోతులో మొదలయ్యాయో చూసుకుంటే చెట్ల వేళ్ళు ఎక్కడ ఆగిపోతాయో తెలిసిపోతుంది.

రెండో పని: గుంత తవ్వండి

వాన పడిన రెండు మూడు రోజులకు, పదును, అంటే మట్టిలో తగినంత తేమ, ఉండగా తవ్వాలి. ఎండినప్పుడు ఈ నేల ఇటుకలా బిగుసుకుంటుంది, గడ్డపార దిగదు, పొరల రంగూ తేలదు. వాలులో పైన, నడుమ, కింద ఒక్కొక్కటి చొప్పున మూడు గుంతలు. పొడవు 1 మీటరు, వెడల్పు 60 సెంటీమీటర్లు, లోతు మొరం, అంటే సగం చితికిన రాయి, తగిలేదాకా, లేదంటే 1 మీటరు. ఎండ పడే గోడను చదవడానికి వదిలేసి, మట్టిని ఎదురు వైపు పోయండి. పైమట్టి ఒక కుప్ప, ఎర్రమట్టి ఒక కుప్ప, మొరం ఒక కుప్ప. పూడ్చేటప్పుడు అదే వరసలో తిరిగి పోయాలి. మొరాన్ని పైన వదిలేస్తే ఆ చోట రెండు మూడేళ్ళు మొలక సరిగ్గా రాదు.

గోడను చాకుతో పలుచగా చెక్కి చూడండి. పైన 10 నుంచి 20 సెంటీమీటర్ల దాకా ఇసుక పాలు ఎక్కువున్న లేత ఎరుపు మట్టి ఉంటుంది. దాని కింద ముదురు ఎరుపు పొర, వేలితో రుద్దితే కాస్త జిగట. వానలతో పాటు కిందికి దిగిన బంక అక్కడ చేరి ఉంటుంది. దాని కింద మొరం.

మొరం ముక్కను ఒక్క నిమిషం చేతిలో పెట్టుకుని చూడటం మంచిది. రాయిలాగే కనిపిస్తుంది, గ్రానైట్ చారలు అలాగే ఉంటాయి. బొటనవేలు, చూపుడువేలు మధ్య నలిపితే తెల్లటి ఫెల్డ్‌స్పార్ పిండిలా రాలుతుంది, అభ్రకం బంగారు రంగు రేకులై వేలికి అంటుకుంటుంది, పలుగు గింజలు మాత్రం గుచ్చుకుంటాయి. ఇలా నలిగే మొరంలోకి వేళ్ళు సందులు వెతుక్కుంటూ దిగుతాయి, నీరు కూడా నిలవ ఉంటుంది. పాత దిగుడు బావులకు ఊట ఈ పొర నుంచే వచ్చేది. గడ్డపార కొడితే ఖంగుమని ఎగిరిపడితే అది ఇంకా రాయే. నలిగే మొరం ఎక్కడ మొదలైంది, నలగని రాయి ఎక్కడ మొదలైంది అని రెండు లోతులూ విడివిడిగా రాసుకోండి. మొరం తగిలింది కదా అని అక్కడే లెక్క ఆపేస్తే, చెట్ల విషయంలో నేలను తక్కువ అంచనా వేసినట్టే.

గుంత గోడ మీద నాలుగు చుక్కలు నిమ్మరసం పిండండి. నురగ వస్తే సున్నం ఉంది. గుట్ట పక్క ఎర్ర నేలలో మామూలుగా రాదు. పల్లంలో వస్తుంది. ఎర్ర నేలలోనే నురగ వచ్చిందంటే సుద్ద పొర దగ్గరలో ఉందని అర్థం, అక్కడ బత్తాయి, నిమ్మ ఆకులు పసుపు పడతాయి.

మూడో పని: మట్టి పాలు తేల్చండి

ప్రతి పొర నుంచి గుప్పెడు మట్టి తీసి, గులక ఏరేసి, నీళ్ళు చిలకరించి చపాతీ పిండిలా పిసకండి. ఉండ కట్టకపోతే ఇసుక. ఉండ కడుతుంది కానీ బొటనవేలితో పట్టీలా నొక్కితే విరిగిపోతే దుబ్బ. పట్టీ 2.5 సెంటీమీటర్ల లోపు సాగి తెగితే చల్క. 2.5 నుంచి 5 దాకా సాగితే బంక పాలు బాగున్న ఎర్రనేల. 5 దాటితే బంక నేల. చల్కల్లో పై పొర చల్కగా, కింది పొర బంకగా రావడమే మామూలు.

ఇంకా కచ్చితంగా కావాలంటే లీటరు సీసాలో మూడో వంతు జల్లించిన మట్టి, చిటికెడు చాకలి సోడా, మెడదాకా నీళ్ళు పోసి 5 నిమిషాలు గట్టిగా కుదపండి. నిమిషంలో అడుగుకు చేరేది ఇసుక, 2 గంటల్లో చేరేది ఒండ్రు, మరునాటికి పేరుకునేది బంక. మూడింటి మందం స్కేలుతో కొలవండి. కొందరు చాకలి సోడా బదులు ఉప్పు వేస్తారు. ఉప్పు బంక రేణువులను విడదీయడానికి బదులు ముద్ద కట్టిస్తుంది, లెక్క తప్పుతుంది.

నాలుగో పని: నీరు దిగే వేగం కొలవండి

30 సెంటీమీటర్ల లోతు, జానెడు వెడల్పు ఉన్న చిన్న గుంత తీయండి. గడ్డపార రుద్దుకుని నున్నబడ్డ గోడలను చాకుతో గీరి గరుకు చేయండి. ఈ ఒక్క పని మరిస్తే మంచి నేల కూడా ఇంకనట్టే కనిపిస్తుంది. నిండా నీళ్ళు పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున మళ్ళీ నింపి, పైన అడ్డంగా పుల్ల పెట్టి, గంట గంటకూ నీటి మట్టం ఎంత దిగిందో కొలవండి. పొడి నేలలో మొదటిసారి పోసిన నీటిని కొలిస్తే అంకె ఎప్పుడూ ఎక్కువే వస్తుంది, దాన్ని నమ్మకూడదు.

గంటకు 2.5 నుంచి 7.5 సెంటీమీటర్లు దిగితే మురుగు బాగా పోయే నేల. 10 దాటితే నీరు, ఎరువు రెండూ జారిపోతాయి. 2.5 కంటే తక్కువైతే చెట్లకు జాగ్రత్త కావాలి. ఇదే పరీక్షను 60 సెంటీమీటర్ల లోతులో, ముదురు ఎరుపు పొరలో మరోసారి చేయండి. పైన 8, కింద 1 వచ్చే చేలు తక్కువేమీ కాదు. ముసురు పట్టినప్పుడు వేళ్ళు కుళ్ళేది అలాంటి చోటే.

పైన కట్టే అట్ట

చిన్న గుంతలో నీరు చకచకా దిగింది, వాన పడితే మాత్రం చేను గట్టు తెగిపోయేలా పారుతోంది. ఎందుకు? ఈ ప్రశ్నే చల్క నేలలో అసలు ప్రశ్న. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పొలాల్లో ఎర్ర నేల, నల్ల నేల రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఎర్ర నేలలో వాన నీరు పారిపోవడానికి పైన కట్టే అట్ట పెద్ద కారణమని అక్కడి పరిశోధనలు చూపాయి.

ఖాళీ నేల మీద పెద్ద చినుకు పడితే సేంద్రియ పదార్థం తక్కువున్న మట్టి ఉండలు చితికిపోతాయి. సన్న రేణువులు ఇసుక సందుల్లో ఇరుక్కుంటాయి. ఎండ కాయగానే 2 నుంచి 5 మిల్లీమీటర్ల మందాన అట్ట కడుతుంది. దాన్ని గోటితో లేపి చూడండి. పైవైపు నున్నగా, అద్దినట్టు, మెరిసే ఇసుక గింజలతో ఉంటుంది. అడుగు వైపు సన్నటి బుడగల్లాంటి రంధ్రాలు. విత్తిన వారం రోజులకు లేపితే దాని కిందే తెల్లటి మొలక, తల ఎత్తలేక కొక్కెంలా వంగి కనిపిస్తుంది. సాలులో మొలక రాలేదని విత్తనాన్ని తిట్టుకునే ముందు ఒకసారి ఆ అట్టను లేపి చూడాలి.

విత్తాక, మొలకకు ముందు వాన పడి అట్ట కడితే పదును ఆరకముందే ముళ్ళ కంపను తేలిగ్గా ఈడ్చండి, లేదా దంతె తోలండి. వేరుశనగ 5 సెంటీమీటర్ల లోతు, నువ్వు లాంటి చిన్న గింజలు 2 సెంటీమీటర్ల లోతు దాటకూడదు, అట్ట కింద అంత దూరం నెట్టుకు రాలేవు. మొలకెత్తాక సాళ్ళ మధ్య గుంటక తోలడం కలుపు కోసమే కాదు, ప్రతి వానకూ మూసుకుపోయే నేల నోరు తెరవడానికి కూడా. ఎకరాకు 4 టన్నుల పశువుల ఎరువు ఏటా పడితే, సాళ్ళ మధ్య కంది కట్టె, ఆకు, గడ్డి పరిస్తే అట్ట పలుచబడుతుంది. దుక్కిని తొలకరి పదునులోనే ముగించాలి. తడి ఎక్కువగా ఉన్నప్పుడు ట్రాక్టరు దింపితే నాగలి లోతున ఇంకో గట్టి పొర తయారవుతుంది, అది కంటికి కనిపించదు.

ఎన్ని రోజుల బెట్టకు తట్టుకుంటుంది?

గుంతలో రాసుకున్న అంకెలు ఇక్కడ పనికొస్తాయి. పైరు తీసుకోగలిగిన నీరు ప్రతి 10 సెంటీమీటర్ల లోతుకు దుబ్బలో సుమారు 7 మిల్లీమీటర్లు, చల్కలో 10, బంక పాలున్న ఎర్ర పొరలో 13 ఉంటుంది. గులక ఎంత శాతం ఉంటే అంత తీసేయండి, రాయి నీరు తాగదు.

నడిమి వాలులో పైన 20 సెంటీమీటర్లు చల్క, కింద 30 సెంటీమీటర్లు ఎర్ర పొర, అందులో 20 శాతం గులక అనుకుందాం. పైన 20 మిల్లీమీటర్లు, కింద 39లో గులక పోను 31. మొత్తం 51. ఎదిగిన పైరు రోజుకు 5 మిల్లీమీటర్లు తాగితే 10 రోజులకు నేల వట్టిపోతుంది. సగం నీరు అయిపోయేసరికే పైరు వాడుమొహం వేస్తుంది, అంటే అయిదారు రోజులకే. అదే వాలు పైన జానెడు మట్టి ఉన్న చోట ఆ గడువు రెండు మూడు రోజులే. ఒకే చేనులో పై సాళ్ళు మాడిపోయి, కింది సాళ్ళు పచ్చగా ఉండటానికి కారణం ఇదే. పై భాగంలో ఎరువు పెంచితే ఆ గడువు ఒక్క పూట కూడా పెరగదు.

ఎక్కడ ఏం పెట్టాలి

లోతు 25 సెంటీమీటర్ల లోపున్న గుట్ట మొదలును దున్నకుండా వదిలేయడమే మేలు. దున్నితే ఉన్న కాస్త మట్టీ ఒక్క వానకు కింది చేనులోకి పోతుంది. సీతాఫలం అక్కడ నిలుస్తుంది, 5 మీటర్ల ఎడంలో ఎకరాకు దాదాపు 160 మొక్కలు పడతాయి. పాలమూరు ప్రాంతపు బాలానగర్ రకానికి ఇలాంటి నేలే పుట్టినిల్లు. చెట్ల మధ్య గడ్డి పెరగనివ్వండి.

25 నుంచి 60 సెంటీమీటర్ల లోతులో ఆముదం, కంది, జొన్న, ఉలవ. అనంతపురం నేలల్లో వేరుశనగ పాతుకుపోవడానికి కారణం ఊడ (పువ్వు నుంచి నేలలోకి దిగి కాయ అయ్యే కాడ) తేలిగ్గా దిగే ఈ గుల్ల మట్టి. కాయ పీకేటప్పుడు కూడా తెగకుండా వస్తుంది. వేరుశనగలో మధ్య మధ్య కంది సాలు ఉంటే, ఒకటి పై నీరు తాగితే మరొకటి అడుగు నీరు వెతుక్కుంటుంది.

60 దాటి, కింది పొరలో కూడా నీరు సరిగ్గా దిగే చోట మామిడి, బత్తాయి. 1 మీటరు గుంత తీశాక అందులో 20 లీటర్ల నీరు పోసి చూడండి. మరునాటికీ నిలిచి ఉంటే అది గుంత కాదు, తొట్టి. అందులో నాటిన బత్తాయికి కాండం మొదట్లో జిగురు కారి, వేరు కుళ్ళుతుంది. గుంత అడుగున గడ్డపారతో మూడు నాలుగు చోట్ల పొడిచి మొరం దాకా దారి చేయండి. అప్పటికీ దిగకపోతే ఆ చోటు వదిలేయాలి. అట్టడుగు బూడిద నేల వరికే.

వాలుకు అడ్డంగా

సమమట్టపు గీత తీయడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. 2 మీటర్ల కర్రలు రెండు పైన కలిపి కట్టి, నడుమ అడ్డకర్ర బిగించి, పైనుంచి దారానికి రాయి వేలాడదీయండి. రెండు మేకుల మీద నిలబెట్టి దారం అడ్డకర్రను తాకిన చోట గుర్తు పెట్టండి. కాళ్ళు తారుమారు చేసి మళ్ళీ గుర్తు పెట్టండి. రెండు గుర్తుల సరిగ్గా మధ్య బిందువే మట్టం. దారం అక్కడికి వచ్చేలా కాళ్ళు మార్చుకుంటూ పోతే గీత వస్తుంది.

సాగు చేనులో ఆ గీత వెంట విత్తి, సుమారు ప్రతి 3.5 మీటర్లకు ఒక గొడ్డు చాలు (విత్తనం వేయకుండా నీటి కోసం వదిలే సాలు) తీయండి. దున్నని గుట్ట మొదట్లో 45 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతుతో, 3 లేదా 4 మీటర్ల పొడవు కందకాలు. ఒకదాని సందుకు ఎదురుగా కింద ఇంకొకటి వచ్చేలా తీసి, మట్టిని పల్లం వైపు పోయండి. గీత తప్పితే నీరంతా ఒక కొసకు చేరి కట్ట తెగుతుంది, కందకమే వాగవుతుంది. అందుకే పొడవైన ఒక్క కందకం కంటే ముక్కలు ముక్కలుగా తీయడం నయం.

చెరువు మట్టి, ఎరువులు

తెలంగాణలో 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో చెరువుల పూడిక చేలకు చేరింది. పనికొచ్చే మట్టి ఏదో తెలిస్తేనే లాభం. వాగు వచ్చి కలిసే వైపు ఇసుక పడుతుంది, కట్ట వైపు సన్న ఒండ్రు చేరుతుంది. మీకు కావలసింది రెండోది. అయితే కట్ట పాదం దగ్గర మాత్రం తవ్వకూడదు. ఎకరం మీద 1 సెంటీమీటరు మందానికి 40 ఘనపు మీటర్లు కావాలి. ట్రాలీకి 3 చొప్పున 13 లేదా 14 ట్రాలీలు. రెండు సెంటీమీటర్లకు 27. వేసవిలో తోలి, ఎండనిచ్చి, గడ్డలు చితక్కొట్టి, తొలకరి దుక్కిలో కలపాలి. పైన వదిలేస్తే అదే ఇంకో అట్ట అవుతుంది. ముందుగా పీహెచ్ చూపించండి, చౌడు చెరువు మట్టి తోలుకుంటే వదిలించుకోవడం చాలా కష్టం.

మట్టి పరీక్షకు పై భాగం, కింది భాగం కలపకండి. ఒక్కో భాగంలో 8 నుంచి 10 చోట్ల 15 సెంటీమీటర్ల లోతు మట్టి తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు తీసేస్తూ అరకిలోకి తగ్గించండి. నత్రజనితో పాటు గంధకం, జింకు, బోరాన్ కూడా అడగండి, ఈ నేలల్లో తరచూ కొరవడేవి అవే. నత్రజనిని ఒకేసారి వేస్తే మంచి వానకు వేళ్ళ కిందికి జారిపోతుంది, రెండు మూడు దఫాలుగా పదునులో వేయాలి. వేరుశనగకు ఊడలు దిగే వేళ ఎకరాకు 200 కిలోల జిప్సం. జింకు లోపం తేలితే ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్.

డ్రిప్పు పెట్టేవారు గమనించాలి: ఇసుక నేలలో తడి పక్కకు పాకదు, నిలువుగా దిగుతుంది. వారానికోసారి గంటల తరబడి వదలడం కంటే రోజూ కొద్దిసేపు వదలాలి, చుక్క పడే రంధ్రాలు 30, 40 సెంటీమీటర్ల ఎడంలో ఉండాలి. బోరు నీటిని కూడా ఒకసారి పరీక్ష చేయించండి. సోడా పాలు ఎక్కువున్న నీరు ఏళ్ళ తరబడి పారితే బంక రేణువులు విడిపోయి, సందులు మూసుకుని, మురుగు బాగా పోయే ఎర్ర నేల కూడా బిగుసుకుపోతుంది. నీరు పెట్టిన చోట గంటకు దిగే వేగాన్ని, పక్కనే వానాధారంగా వదిలిన చోట వేగంతో ఏడాదికోసారి పోల్చి చూడండి. పెట్టిన చోట తగ్గుతూ వస్తుంటే ఆ నీటిని మార్చాలి, లేదంటే పరీక్ష చెప్పిన లెక్కన జిప్సం వేసుకోవాలి.